తొమ్మిది ఊళ్ల చెంబు

జ్యేష్ఠం 2 (మొదటి పేజీ, ఊళ్లకు బయలుదేరే ముందు రాసింది)

ఇది గుట్ట మజిలీ పుస్తకం. అంచెవాళ్ల బరువు, నాడి, నిద్ర, కాళ్ల నొప్పులు రాసుకోవడానికి పెట్టుకున్నది. ఊళ్లలో చదివి వినిపించడానికి రాసింది కాదు. ఇప్పుడు వినిపించాల్సి వచ్చింది కాబట్టి ఈ నాలుగు మాటలు ముందుగా రాస్తున్నాను. లోపల ఒక్క అక్షరం కూడా దిద్దలేదు. తప్పు రాసిన చోట పక్కన గీత గీసి, తర్వాత తెలిసింది ఆ గీత పక్కన రాశాను. నా పేరు ఈరమ్మ. ఈ మజిలీలో పరుగెత్తేవాళ్ల ఒంటి సంగతి చూసేది నేను.

చైత్రం 4

కొత్త పుస్తకం. పొద్దున్నే గోడ పలకలు తుడిచాను. మా నానమ్మ కాలంలో మనుషులు ఈ నల్ల పలకలను చెవికి ఆనించుకుని దూరాన ఉన్నవాళ్లతో మాట్లాడేవాళ్లట. సూర్యుడి తుపానులో అవి మూగబోయాక ఎవరికీ పనికిరాకపోతే, ఏరుకొచ్చి మజిలీ గోడకు అతికించారు. తడిగుడ్డతో ఒకసారి తుడిస్తే చాలు. వాటి మీద సుద్దతో రాస్తాను, ఎవరు దారిలో ఉన్నారు, ఎవరు విశ్రాంతిలో ఉన్నారు అని.

అంచెవాళ్లు ఆరుగురు. నది మజిలీ నుంచి ఇక్కడికి యాభై రెండు కిలోమీటర్లు, మధ్యలో తొమ్మిది ఊళ్లు. ఉత్తరాలు, మందులు, టీకా సీసాలు అన్నీ ఆ దారిన మనుషుల కాళ్ల మీదే రావాలి. తెల్లవారుజామున నాలుగింటికి బయలుదేరి, ఎండ ముదిరేలోపు చేరాలి. ఒక పరుగుకు మూడు రోజుల విశ్రాంతి. ఆ మూడు రోజులూ వాళ్లు నా మాట వినాలి.

లేచీ లేవగానే సంజమ్మ నాడి చూశాను. నిమిషానికి 52. మామూలే. మామూలు కంటే ఎనిమిది పెరిగితే ఒళ్లు ఇంకా కోలుకోలేదని గుర్తు.

"ఎంతసేపు పట్టుకుంటావు మే సెయ్యి? పెండ్లిసూపులా?" అంది సంజమ్మ.

"కదలొద్దు. లెక్క తప్పుతుంది."

"నీకు లెక్క తప్పుతే నాకు మొగుడు తప్పుతాడా? ఆకలైతాంది, ఇడువు."

సంజమ్మ, నేను ఒకే వీధిలో పెరిగాం. తను నాకంటే రెండేళ్లు చిన్న. నన్ను నది మజిలీ బడికి పంపిన ఏడు తను అంచెలో చేరింది. మా ఇంట్లో అక్షరం వచ్చిన మొదటి మనిషిని నేనే. వాళ్లింట్లో ఇంకా ఎవరికీ రాదు.

చైత్రం 9

వారం పరుగులు పెట్టించాను. పొడుగు పరుగు ఒకటి, మధ్యరకం రెండు, మిగిలినవి మెల్లగా. మూడు వారాలు దూరం పెంచి, నాలుగో వారం తగ్గించాలి. ఎముక గట్టిపడేది పరుగెత్తినప్పుడు కాదు, పడుకున్నప్పుడు. ఈ మాట వాళ్లకు ఎక్కించడానికి నాకు ఏడాది పట్టింది.

మెల్లగా అంటే పక్కవాళ్లతో మాట్లాడుతూ పరుగెత్తగలగాలి అని చెప్పాను. బజారి తాత గట్టు మీద కూర్చుని వింటున్నాడు. ఆయన ముప్పై ఏళ్లు అంచెలో ఉన్నాడు. ఇప్పుడు మోకాళ్లు పోయి, మజిలీలో వంట చూస్తున్నాడు.

"మాట్లాడుకుంటా ఉరికేది ఉరుకుడా? అది తిర్నాలకు పోవడం," అన్నాడు.

"తాతా, నువ్వు గసపోసుకుంటా ఉరికే గదా మోకాళ్లు పోగొట్టుకున్నావు," అంది సంజమ్మ.

"నా మోకాళ్లు పోయింది మీ అవ్వ సేసిన రాగిసంగటి మోసి లేమ్మే."

అందరూ నవ్వారు. నవ్వినా ఇప్పుడు నా మాట వింటున్నారు. కిందటి కార్తీకంలో అంచెవాళ్లలో ఒకడైన దస్తగిరి ముంగాలి ఎముకను వేలితో నొక్కుకుంటూ వచ్చాను. కాలంతా నొప్పి అంటే కండ. ఒక్క చోట, వేలి మొన పట్టేంత చోట నొప్పి అంటే ఎముక చిట్లిందని. దస్తగిరి ఆ ఒక్క చోట కేక పెట్టాడు. ఆరు వారాలు పరుగు మానిపించాను. అందరూ నన్ను తిట్టారు. ఆరు వారాల తర్వాత అతను లేచి పరుగెత్తాడు. ఆ రోజు నుంచి నేను ఏం రాస్తే అదే శాసనం అయింది.

*గీత పక్కన:* అది మంచి సలహా. దాని వల్లే తర్వాతి చెడ్డ సలహాను కూడా ఎవరూ ప్రశ్నించలేదు.

చైత్రం 17

పరుగు కాగితం పూర్తయింది. పదకొండు సూత్రాలు. తొమ్మిది ఊళ్లకు తొమ్మిది నకళ్లు రాశాను. వేళ్లు వాచాయి, సంతోషంగా ఉంది.

నీళ్ల సంగతి కొంచెం రాయాలి. ఈ దారిలో ఒక మర్యాద ఉంది. అంచె మనిషి ఊళ్లో అడుగు పెడితే ఎవరో ఒకరు చెంబుతో ఎదురొస్తారు. తాగి, చెంబు బోర్లించి చూపించి, సాగిపోవాలి. వద్దు అనకూడదు. వద్దంటే "మీ ఊళ్లో నీళ్లు లేవు" అని మొహం మీద అన్నట్టు. కరువు ఏళ్లలో పుట్టిన మర్యాద ఇది. అప్పట్లో ఆ చెంబు గిద్దెడు ఉండేదట, నాలుగు గుక్కలు. ఆ నాలుగు గుక్కల కోసం ఇంట్లో వాళ్లు ఆ పూట నోరు కట్టుకునేవాళ్లు. అవి కూడా బోరు నీళ్లు, చేదుగా, ఉప్పగా. అవి తాగి తాగి మా అమ్మ మూత్రపిండాలు చెడిపోయాయి. కాళ్లు ఉబ్బి, మొహం ఉబ్బి, నలభై రెండో ఏట పోయింది. ఆమె పోయిన రెండేళ్లకు గాలిబావులు వచ్చాయి.

ఇప్పుడు ఊరూరా ఒక గాలిబావి. ఆ వలల స్తంభం తేనెటీగల పట్టులా మోగుతూ గాలిలోంచి నీళ్లు పిండుతుంది. ఆ నీళ్లకు రుచి లేదు, వాసన లేదు, ఉప్పు లేదు. మొదటిసారి తాగిన రోజు అమ్మ గుర్తొచ్చి ఏడ్చాను.

అందుకే నాలుగో సూత్రం ఇలా రాశాను: "దాహమైనా కాకపోయినా ప్రతి ఊళ్లో నిండు చెంబు తాగాలి. ఊళ్లవాళ్లు పాత గిద్దె చెంబులు మాని పెద్ద చెంబులు వాడాలి." అయిదోది: "పరుగులో ఉప్పు ముట్టరాదు." పాతకాలం అంచెవాళ్లు నడుముకు ఉప్పుగల్లు కట్టుకుని చప్పరిస్తూ పోయేవాళ్లు. బజారి తాత ఇప్పటికీ పిల్లలకు ఇస్తుంటాడు. అది మాన్పించాలి. తొమ్మిదోది: "తల నొప్పి అన్నా, వాంతి అయినా, తూలినా వెంటనే నీళ్లు తాగించాలి."

బడిలో మాకున్న పుస్తకం సగం చెదలు తిన్నది. నీళ్లు తాగాలి అని అందులో ఉంది.

*గీత పక్కన:* ఎంత తాగాలో ఉన్న పేజీ మాకు దొరకలేదు. "నిండు" అనే మాట పుస్తకంలోది కాదు. నాది.

వైశాఖం 2

సంజమ్మ నది మజిలీ నుంచి వచ్చింది. ఆరు గంటల నలభై నిమిషాలు. అక్కడ బయలుదేరేటప్పుడు తూచి చీటీ మీద రాసిన బరువు 48.2. ఇక్కడికి చేరాక 48.9.

ముందు తూకం చెడిందనుకున్నాను. ఇనుప గుండ్లు పెట్టి చూశాను. తూకం సరిగ్గానే ఉంది. పాత పుస్తకంలో వెనక్కి తిప్పి చూస్తే ఇదివరకు ప్రతి పరుగుకూ కిలో, కిలోన్నర తగ్గి వచ్చేది.

"గాజులు బిగిసినాయి మే. సబ్బు పెట్టినా రావడం లేదు," అంది సంజమ్మ.

"ఒళ్లు చేస్తున్నావు."

"యాభై రెండు కిలోమీటర్లు ఉరికితే ఒళ్లు సేస్తారా? అట్లయితే మా పెద్దమ్మను గూడా తోల్కొస్తా. ఎనుముల వెనక ఒక రోజంతా ఉరికినా సన్నగానే ఉండాది."

ఇద్దరం నవ్వుకున్నాం. పుస్తకంలో రాశాను: పరుగులో బరువు తగ్గలేదు. ఒంట్లో నీళ్లు నిలుస్తున్నాయి. కాగితం పనిచేస్తోంది. మంచిది.

*గీత పక్కన:* ఇక్కడ రెండు గీతలు గీశాను.

వైశాఖం 11

దస్తగిరి ఏడో ఊరు దాటాక పడిపోయాడు. ఎద్దుల బండిలో తెచ్చారు. దారిలో రెండుసార్లు వాంతి చేసుకున్నాడట. నన్ను చూసి "చిన్నమ్మీ, బర్రెను కట్టేసినావా?" అన్నాడు. వాళ్లింట్లో బర్రె లేదు. వాళ్లకు చిన్నమ్మ లేదు.

ఎండదెబ్బ అనుకున్నాను. కానీ ఒళ్లు ముట్టుకుంటే కాలడం లేదు. బరువు బయలుదేరినప్పటికంటే కిలో ఆరు వందల గ్రాములు ఎక్కువ. నీళ్లు ఇవ్వబోతే మళ్లీ కక్కాడు. సాయంత్రం దాకా మూత్రానికి పోతూనే ఉన్నాడు. పొద్దు వాలేసరికి మనిషిలో పడ్డాడు. తెల్లవారి రాగిసంగటి, ఎండుచేపల పులుసు తిన్నాడు.

వంటింట్లో బజారి తాత నాతో గొడవ పెట్టుకున్నాడు.

"ముప్పై ఏండ్లు ఉరికినా పాపా. పడిపోయినోళ్లను సూసినా. నాలుక ఎండి, కండ్లు లోపలికి పోయి పడిపోయినోళ్లు వాళ్లు. వీనికి మొగం ఉబ్బింది. వీడు ఎండి పడిపోలే. నిండి పడిపోయినాడు."

"నీళ్లు నిండి ఎవరైనా పడిపోతారా తాతా?"

"నాకు తెల్దు. మేము ఉప్పునీళ్లు తాగినాం, ఉప్పుగల్లు సప్పరించినాం, దాహమైతేనే తాగినాం. గిద్దెడు. ఆ గిద్దె గూడా కొన్ని ఊర్లలో నోట్లో పోసుకోని పుక్కిలించి ఊసినాం, వాళ్లు సూడకుండ. నువ్వొచ్చి బిందెలు పెట్టినావు."

"ఆ ఉప్పునీళ్లే మా అమ్మను తిన్నాయి."

ఆయన ఇంకేదో అనబోయి ఆగాడు. పొయ్యి వైపు తిరిగి కట్టెలు సర్దుకున్నాడు. నేను గెలిచాననుకున్నాను.

అయినా మనసు కుదరలేదు. నది మజిలీ డాక్టరమ్మ హసీనా గారికి ఉత్తరం రాశాను. దస్తగిరికి ఏమైందో, బరువులు ఎంతెంతో అన్నీ రాశాను. నిజం చెప్పాలంటే, తాత మాట తప్పని ఆవిడ చేత రాయించి ఆయనకు చదివి వినిపించాలనుకున్నాను. ఉత్తరం రేపటి పరుగులో పోతుంది.

వైశాఖం 13

ఈ రోజు ఒక సంగతి బయటపడింది. మూడో ఊరి నుంచి వచ్చిన ఒకావిడ, మీ సంజమ్మ మా చెంబు తీసుకుని కంపచెట్టు చాటుకు పోయి పారబోసిందని చెప్పింది. కోపంగా చెప్పలేదు. బాధగా చెప్పింది. "మా నీళ్లు బాగలేవా తల్లీ?" అని నన్నడిగింది. ఆ మాటకు నా తల వంగిపోయింది.

సంజమ్మను పిలిచాను. మడమలకు ఆముదం రాసుకుంటూ వచ్చింది.

"పారబోసినావా?"

"పారబోసినా. ఆ ఊర్లో, ఆరో ఊర్లో. కడుపులో కుండ ఊగినట్ల ఊగుతాది మే. ఉరికితే గుడగుడమంటాది. నీకేం తెల్సు, కూచోని రాసేదానివి."

ఆ చివరి మాట నన్ను గుచ్చింది. ఈ పనిలో చేరిన పద్నాలుగు నెలలుగా ఎవరైనా ఈ మాట అంటారేమోనని భయపడుతూనే ఉన్నాను. నాకు పరుగు రాదు. నేను కూర్చుని రాసేదాన్నే.

గొంతు పెంచాను. ఆ నీళ్ల కోసం మా అమ్మ ఏమైందో నీకు తెలియదా అన్నాను. మీ అమ్మ తలమీద బిందెతో మూడు మైళ్లు నడిచింది మరిచావా అన్నాను. ఊరు ఊరంతా ఎదురొచ్చి ఇస్తే ముళ్లల్లో పోస్తావా, దస్తగిరి పడింది చూశావు గదా, రేపు నువ్వు పడితే అన్నాను. అప్పటికి దస్తగిరి ఒంట్లో నీళ్లు నిలవలేదు, కక్కుకోవడం వల్లే పడ్డాడని నాకు నేనే ఒక కారణం చెప్పుకుని ఉన్నాను.

సంజమ్మ ఆముదం గిన్నె పక్కన పెట్టింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. అమ్మ మాట ఎత్తినందుకు అనుకుంటాను.

"సరే మే. ఇంగ పారబోయను."

"చేతిలో చెయ్యి వెయ్యి."

వేసింది. ఆముదం అంటిన చెయ్యి.

*గీత పక్కన:* తన ఒళ్లు తనకు నిజం చెప్పింది. నేను దాని నోరు మూయించాను.

వైశాఖం 21

పందొమ్మిదో తేదీ సంగతి ఇవాళ రాస్తున్నాను. రెండు రోజులు పుస్తకం తెరవలేకపోయాను.

సంజమ్మ నది మజిలీ నుంచి తిరిగి వచ్చే పరుగు. పదకొండూ పావుకు గుట్ట మలుపులో కనిపించింది. ఎప్పుడూ అంత ఆలస్యం చేయదు. పరుగెత్తడం లేదు, నడుస్తోంది. ఒక కాలు తిన్నగా పడితే ఇంకోటి పక్కకు పడుతోంది. ఎదురెళ్లి సంచీ అందుకున్నాను. మొహం నున్నగా, గుండ్రంగా ఉంది. కళ్ల కింద ఉబ్బింది. ఆ మొహం నేను ఇంతకు ముందు ఎక్కడో చూశాననిపించింది. ఎక్కడో ఆ క్షణాన తట్టలేదు. మా అమ్మ మొహం అది, చివరి నెలలో.

"తల పగులుతాంది మే," అంది.

"నీళ్లు తాగినావా?"

"అన్నీ తాగినా. తొమ్మిదీ. ఒక్క బొట్టు పారబోయలే. నీ తోడు."

అలవాటు కొద్దీ తూకం ఎక్కించాను. బయలుదేరినప్పుడు 48.0. ఇప్పుడు 50.3. రాసుకున్నాను. రాసి, తొమ్మిదో సూత్రం ప్రకారం నీళ్లు ఇచ్చాను. ఒక చెంబు తాగింది. రెండోది వద్దన్నట్టు చెయ్యి ఊపింది. తాగు, కాస్త తాగు అని నేనే పట్టి తాగించాను.

తర్వాత వాంతి. తర్వాత నన్ను "అమ్మా, ఎనుము వచ్చె, తలుపు తియ్యి" అంది. బజారి తాత వంటింట్లోంచి ఉప్పు, చింతపండు కలిపిన చారు గిన్నెలో పట్టుకుని కుంటుకుంటూ వచ్చాడు. "నీళ్లు ఆపు పాపా, నీళ్లు ఆపు!" అని దూరం నుంచే అరిచాడు. అప్పటికే ఒళ్లు కొయ్యబారి వణుకుతోంది. పళ్లు బిగుసుకున్నాయి. చారు పెదవుల పక్క నుంచి కారిపోయింది. మూడుసార్లు మూర్ఛ వచ్చింది. నాడి మీద వేలు పెట్టుకుని కూర్చున్నాను. అది ఒక్కటే నాకు తెలిసిన పని. పొద్దు గుట్ట మీదికి దిగుతుండగా నా వేలి కింద ఏమీ తగల్లేదు. వేలు తీయలేదు. తాతే తీశాడు.

వైశాఖం 22

సంజమ్మ తెచ్చిన సంచీ అలాగే ఉంది. టీకా సీసాలు చెడిపోతాయని తాత గుర్తుచేస్తే ఇవాళ విప్పాను. సీసాలు బాగున్నాయి, ఒక్కటీ పగల్లేదు. ఉత్తరాల్లో నా పేరున ఒకటి ఉంది. డాక్టరమ్మ జవాబు. నకలు రాస్తున్నాను.

"ఈరమ్మకు. దస్తగిరి బరువు పరుగు తర్వాత పెరిగిందని రాశావు. ఆ ఒక్క వాక్యం చాలు. పరుగెత్తిన మనిషి బరువు కొద్దిగా తగ్గాలి. పెరిగిందంటే అవసరానికి మించి తాగాడని, తాగింది బయటికి పోలేదని. చెమటలో ఉప్పు పోతుంది. మీ గాలిబావి నీళ్లలో ఉప్పు లేనే లేదు. రక్తంలో ఉప్పు పలచబడి మెదడు ఉబ్బుతుంది. తలనొప్పి, వాంతి, తడబాటు ఎండదెబ్బలాగే ఉంటాయి, మోసపోకు. బరువు పెరిగి ఉంటే ఒక్క గుక్క కూడా ఇవ్వకు. తెలివిలో ఉంటే గట్టి ఉప్పు చారు కొంచెం కొంచెంగా ఇచ్చి, మూత్రం బాగా వచ్చేదాకా కూర్చోబెట్టు. దాహమైతేనే తాగమని అందరికీ చెప్పు. పరుగులో కొంచెం ఉప్పు ఉండనీ. ముందూ వెనకా తూచి రాసే అలవాటు నీకు ఉంది కాబట్టి ఇది దొరికింది. లేకపోతే ఎవరికీ తెలిసేది కాదు."

సంచీలో ఈ కాగితం ఏడు గంటలు సంజమ్మ వీపు మీద ఉంది. నేను విప్పేదాకా అంటించిన బంక అలాగే ఉంది.

తాతకు చదివి వినిపించాను. విని, పొయ్యిలో కట్టెలు వెనక్కి లాగాడు.

"ఆ పొద్దు నేను ఇంగా గట్టిగా సెప్పల్సింది. నువ్వు మీ అమ్మ మాట తెచ్చినావు. ఇంగ నాకు నోరు రాలేదు," అన్నాడు.

వైశాఖం 29

సంజమ్మ అమ్మ గిడ్డమ్మ వచ్చింది. నేను పెద్దమ్మా అని పిలుస్తాను. గుమ్మంలోనే కూర్చుంది, లోపలికి రాలేదు.

"ఆ బుక్కులో నా బిడ్డను రాసినావంట. సదువు."

ఏ పేజీ నుంచి అని అడిగాను. "నా బిడ్డ పేరు యాడుంటే ఆడ" అంది.

నాడి పట్టుకున్న పేజీ చదివాను. పెండ్లిసూపుల మాటకు ఆమె పెదవి కదిలింది. తర్వాత వైశాఖం రెండో తేదీ వచ్చింది. ఆమెకు అక్షరం రాదు. తాతకూ రాదు. ఆ పేజీ దాటేసి తర్వాతిది తిప్పితే ఈ మజిలీలో ఎవరికీ తెలియదు. నా వేలు పేజీ అంచు మీదే ఆగింది. ఎంతసేపో నాకు గుర్తులేదు. చదివాను.

"కాగితం పనిచేస్తోంది. మంచిది."

"ఆగు. మంచిది అని రాసినావా?"

"రాశాను పెద్దమ్మా."

"బరువు పెరిగింది అని తెల్సి గూడా మంచిది అని రాసినావు."

"మంచిదే అనుకున్నాను."

"మళ్లా సదువు, అది."

మళ్లీ చదివాను. తర్వాత చేతిలో చెయ్యి వేయించుకున్న రోజు చదివాను. పందొమ్మిదో తేదీ చదివాను. రెండో చెంబు నేనే పట్టి తాగించానన్న చోట ఆగాను. ఆమె ఆగింది. తొందరపెట్టలేదు. ఆ వాక్యం మొదటి నుంచి చదివాను.

అంతా అయ్యాక ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది. నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే నాకు ఎంత సుఖంగా ఉండేదో.

"నీ కాగితం తొమ్మిది ఊర్లలో గోడకు ఉండాది గదా?"

"ఉంది. అంచెవాళ్లకు ఆ రోజే చెప్పేశాను. గోడలవి చింపడానికి రేపే మనిషిని పంపుతాను."

"మనిషిని గాదు. నువ్వే పో. చింపేది తర్వాత. ముందు ఇది సదువు. ఇప్పుడు నాకు సదివినట్లే సదువు. మంచిది అని రాసింది గూడా సదువు. యాడా మింగొద్దు. నీ మాట ఇని పోసినారు. నీ నోటితోనే ఇనల్ల."

లేచి వెళ్లిపోయింది. మంచినీళ్లు కావాలా పెద్దమ్మా అని నా నోటి దాకా వచ్చి ఆగిపోయింది.

జ్యేష్ఠం 5

నడుస్తున్నాను. గుట్ట వైపు నుంచి పోతున్నాను కాబట్టి సంజమ్మకు చివరిగా నీళ్లు పోసిన ఊరు నాకు మొదట వస్తుంది. రోజుకు ఒక ఊరు. జనం పొలం నుంచి వచ్చాక గాలిబావి దగ్గర చేరతారు. పుస్తకం చదువుతాను. చివర కొత్త కాగితం చదువుతాను. అందులో అయిదే వాక్యాలు. దాహమైతేనే తాగాలి. వద్దంటే ఊరిని అవమానించినట్టు కాదు. ఉప్పుగల్లు తీసుకుపోవచ్చు. ముందూ తర్వాతా తూచాలి. బరువు పెరిగితే నీళ్లు ఆపాలి. పాత కాగితాన్ని గోడ మీంచి నా గోళ్లతోనే గీకి తీస్తాను.

మొదటి ఊళ్లో ఎవరూ ఏమీ అనలేదు. రెండో ఊళ్లో ఒక ముసలాయన, మరి ఇకమీదట మర్యాద ఎట్లా అని అడిగాడు. చెంబుతో ఎదురు రండి, తాగేదీ లేనిదీ వాళ్లకే వదిలేయండి అన్నాను. ఆయన తల ఊపాడు గానీ ఒప్పుకున్నట్టు లేదు.

ఇవాళ నా నడకలో మూడో ఊరు. నేను చదువుతున్నంతసేపూ ఒక అవ్వ ముందు వరసలో, ఒళ్లో ఇత్తడి చెంబు పెట్టుకుని వింది. కొత్త చెంబు. నా కాగితం వచ్చాక కొనుక్కున్నదే. పేరు కంబక్క అట. అందరూ లేచి పోతున్నా ఆమె లేవలేదు.

"ఆ పాపకు ఆ పొద్దు ఈ ఊర్లో పోసింది నేనే," అంది. "వద్దు అవ్వా, కడుపు నిండింది అనె. నేనే ఇడ్సలే. అట్లంటే ఎట్ల తల్లీ, మా ఊరికి గూడా నీళ్లొచ్చినాయి సూడు, అంటి. నవ్వి తాగె. చెంబు బోర్లించి సూపిచ్చె."

నేను ఆమె పక్కన కూర్చున్నాను.

"మాది ఎన్నో చెంబు?"

"ఏడోది అవ్వా."

"ఏడోది." ఆమె వేళ్ల మీద ఏదో లెక్కపెట్టుకుంది. "ఇది ఒక్కటి తాగకుంటే బతికేదా?"

పరుగు గురించి, విశ్రాంతి గురించి, ఎముక గురించి, నిద్ర గురించి ఎవరు ఏం అడిగినా నా దగ్గర జవాబు ఉండేది. నది మజిలీ బడిలో నేర్చుకున్నదంతా ఒకసారి తడుముకున్నాను.

"తెలియదు అవ్వా," అన్నాను. "తాగమని చెప్పింది నేను."

"సెప్పింది నువ్వు. పోసింది నేను." ఆమె నా భుజం పట్టుకుని మెల్లగా లేచింది. "పొద్దుపోతాంది. మా ఇంట్లో పండుకో. రేపు ఆ ఊర్లో గూడా ఇదే అడుగుతారు. నాకు సెప్పినట్లే సెప్పు."

వాళ్ల అరుగు మీద కూర్చుని ఇది రాస్తున్నాను. ఇంకా ఆరు ఊళ్లు ఉన్నాయి.